గొడ్డుపొద

జనవరి 9

నలభై ఏళ్ళ కిందట మా బావ నాకో మాట ఇచ్చాడు. ఆఫీసు మెట్ల మీద, నా భుజం మీద చెయ్యి వేసి మరీ ఇచ్చాడు. పడమటి వాలు జోలికి ఎవరూ రారు, నాదీ పూచీ, నువ్వు నిశ్చింతగా ట్రైనింగ్‌కి వెళ్ళిరా అన్నాడు. నేను వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వాలు గుండు కొట్టించుకుని ఉంది.

ఇది ఇవాళ ఎందుకు గుర్తొచ్చిందంటే, పొద్దున పేపర్లో వార్త. అటవీ పరిశోధన సంస్థ కొత్త భవనానికి మాజీ డైరెక్టరు పేరు పెడుతున్నారట. మార్చిలో సన్మానమట. మాజీ డైరెక్టరంటే మా బావే, మా అక్క మొగుడు. అడవికి ఎనలేని సేవ చేశాడని రాశారు. ఎనలేనిదే. ఎంచడానికి అక్కడేం మిగిలింది గనక?

పేపరు మడిచి అవతల పడేశాను. మళ్ళీ తీసి చదివాను.

జనవరి 10

కాగితం మీద పెడితే కోపం తగ్గుతుందని ఒక పుస్తకంలో చదివాను. రాసినాయనకి బావ ఉండి ఉండడు.

జనవరి 13

ఆ మొక్క గురించి ఒకసారి సరిగ్గా రాసిపెట్టుకోవాలి. రేపు ఆ సభలో ఎవడో ఒకడు మైకు పుచ్చుకుని తప్పు చెబుతాడు.

నడుమెత్తు పొద. ఆకు పైన ముదురు ఆకుపచ్చ, అడుగున వెండి నూగు. నలిపితే అప్పుడే అగ్గిపుల్ల గీసినట్టు వాసన. మా కొండకి పడమటి వాలు మీద తప్ప ఇంకెక్కడా పుట్టదు. అక్కడ పొద్దెక్కినా మంచు వదలదు. పైన పెద్ద చెట్ల నీడ, కింద రాళ్ళ సందుల్లో ఏళ్ళ తరబడి కుళ్ళిన ఆకు, అడుగేస్తే మడమ దిగబడేది. దానికి ఆ తడి కావాలి, ఆ నీడ కావాలి, పువ్వు మీద వాలే ఆ చిన్న ఈగ కావాలి. ఎక్కడ పడితే అక్కడ సర్దుకుపోయే రకం కాదు. ఆ ఒక్క విషయంలో నాకూ దానికీ పోలిక.

కొండ కింది ఊళ్ళవాళ్ళు దాన్ని రెండు మొక్కలనుకునేవారు. ఎర్రటి కాయలు కాసేది తల్లిపొద. కాయనిది గొడ్డుపొద. నేను తెచ్చి లెన్సు కింద పెట్టి చూస్తే రెండూ ఒకటే జాతి. తల్లిపొద ఆడది, గొడ్డుపొద మగది. కాయనిది ఏదైనా ఆడదే అయ్యుంటుందని జనం తీర్మానం చేసేసుకున్నారు. ఆ మాట మగవాడికి వాడడం ఎవరు విన్నారు?

బావకి చెబితే అన్నం ముందు కూర్చుని పొలమారేదాకా నవ్వాడు. మొగాణ్ణి పట్టుకుని గొడ్డంటున్నారట్రా బావమరిదీ, పరువునష్టం దావా వెయ్యాలి వాడు అన్నాడు. అంటే అర్థమైంది. జోకు వేసేంత బాగా అర్థమైంది. ఈ సంగతి ముఖ్యం.

మా ఆవిడకి కూడా చెప్పాను. మాకు పిల్లల్లేరు. ఆ మాట ఆవిడ చాలా ఇళ్ళల్లో, చాలా నోళ్ళ నుంచి విని ఉంది. కాయనిది మగదన్నమాట అని రెండుసార్లు అనుకుని, చాలాసేపు నవ్వింది. తర్వాత లోపలికి వెళ్ళి పడుకుంది. అది వేరే కథ.

నేను ట్రైనింగ్‌లో ఉండగా ఆర్డరు వచ్చింది. పెద్ద చెట్లు కొట్టించి కలప మొక్కలు వేయించాలి, పనికొచ్చే మొక్కల ఎదుగుదల కోసం గొడ్డుపొదలన్నీ వేళ్ళతో సహా పెరికించాలి, తల్లిపొదల్ని ఉంచాలి. కింద బావ సంతకం. కూలీలు పాపం నిజాయితీగా పనిచేశారు. మగమొక్కల్లో ఒక్కటీ వదల్లేదు. వదిలిన ఆడమొక్కలు ఆ ఏటి నుంచి పూస్తూనే ఉన్నాయి. ఒక్క కాయ పట్టలేదు.

ఇప్పుడు ఊళ్ళో వాటినే గొడ్డుపొదలంటున్నారు.

జనవరి 17

డాక్టరమ్మ ఫోన్. వైద్యం చేసే డాక్టరు కాదు, మొక్కల్లో డాక్టరేట్. సంస్థలో నేను ఖాళీ చేసిన కుర్చీలో ఇద్దరు మారాక ఇప్పుడు ఆవిడ కూర్చుంది. చురుకైనదే. చెప్పిన మాట రాసుకుంటుంది. ముందున్న ఇద్దరికీ పెన్ను మూత తియ్యడం కూడా రాదు.

పోయిన ఎండాకాలం ఇంకో రెండు పొదలు ఎండిపోయాయట. వాలు మీద ఇక నాలుగే. ఆ నాలుగూ ముసలివి, ఇంకో ఎండాకాలం తట్టుకుంటాయన్న నమ్మకం లేదంది. కొమ్మలు తెచ్చి నర్సరీలో నాటితే వేళ్ళు పట్టాయి గానీ అన్నీ ఆడవే సార్, ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నాను అంది. కొమ్మ నాటితే తల్లిలాంటిదే వస్తుంది, విత్తనం లేకపోతే జాతి అక్కడితో సరి. ఎక్కడైనా, ఏ పాత తోటలోనైనా, ఒక్క మగమొక్క ఉందేమో గుర్తుచేసుకోండి సార్ అని బతిమాలింది.

ఎవరి పేరు గోడకి చెక్కుతున్నారో ఆయన్నే అడగమన్నాను.

అడిగాను సార్, ఆయనకి వినిపించలేదు అంది.

అది కొత్తేం కాదమ్మా అన్నాను.

జనవరి 21

అక్క ఫోన్. ఆవిడకి ఎనభై నిండాయి, నా మీద పెత్తనం మాత్రం తగ్గలేదు. ఒరేయ్, మీ బావ సన్మానానికి నువ్వు మాట్లాడాలిరా, ఇంట్లో మనిషివి నువ్వే కదా ఆయన పనేమిటో తెలిసినవాడివి అంది. తెలుసు కాబట్టే రాను అన్నాను. ఇంకా ఆ ముళ్ళపొదేనా అంది. దానికి ముళ్ళుండవక్కా అన్నాను. నీకుంటాయిలే అని పెట్టేసింది.

  

జనవరి 24

వెళ్ళాను. రానన్న మాట మొహం మీద చెబితేనే దానికో విలువ. నలభై ఏళ్ళుగా ఆ గేటు తాకలేదు. వీధి మారింది. ఖాళీ స్థలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. వాళ్ళ ఇల్లొక్కటే పాత పెంకుల వసారాతో అలాగే ఉంది. చుట్టూ నడుమెత్తు హెడ్జ్, పెట్టె కోసినట్టు నాలుగు పలకలుగా కత్తిరించి.

బెల్ కొట్టి నిలబడ్డాను. ముసలివాళ్ళు తలుపు తియ్యడానికి పట్టే సమయంలో చేతికి ఏదో ఒక పని కావాలి. ఆకు తెంపి నలిపాను.

అగ్గిపుల్ల.

మళ్ళీ ఇంకోటి తెంపాను. వెనక్కి తిప్పి చూశాను. వెండి నూగు.

అక్క తలుపు తీసేసరికి నేను గేటు బయట నేల మీద కూర్చుని ఉన్నానట. గుండెపోటనుకుని అరిచింది. బావ వాకర్ ఠకఠకలాడించుకుంటూ వచ్చాడు. నన్ను చూసి, ఏరా, లోపలికి రానని నేల మీద బైఠాయించావా అన్నాడు.

ఇది ఎక్కడిది అని అడిగాను. మూడుసార్లు అడిగాను. అక్క వెళ్ళి వినికిడి మిషన్ తెచ్చి ఆయన చెవిలో పెట్టింది. అప్పుడు విన్నాడు. ఇదా, ఇల్లు కట్టిన కొత్తల్లో మన పాత తోటమాలి తెచ్చి పాతాడ్రా, వాలు మీద పీకేసినవి బండెడు తెచ్చాడు, కాయ రాలదు, గచ్చు మీద మరకలు పడవు, హెడ్జ్‌కి బంగారం అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. వాతావరణం గురించి చెప్పినట్టు.

అడవంతా వెతికించి చంపించిన మొక్కని తన ప్రహరీకి కాపలా పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళుగా. నెలకోసారి తల తీయిస్తూ.

జనవరి 24, సాయంత్రం

ఆకు ఎదురుగా టేబుల్ మీద ఉంది. లెన్సు తీశాను. కోపమో సంతోషమో తేలడం లేదు. రెండూ ఒకే గదిలో దిగినట్టున్నాయి.

జనవరి 25

డాక్టరమ్మకి చెప్పాను.  సార్, మీరు జోక్ చెయ్యరు కదా అంది. ఆ అలవాటు లేదన్నాను.

జనవరి 28

ఆవిడ వచ్చి హెడ్జ్ అంతా చేత్తో తడిమి చూసింది. మగవేనంది, కత్తిరించడం ఆపితేగాని పూయవంది. లేత చిగురు ముదిరి, దాని మీద మొగ్గ రావాలి. నెల తిరిగేసరికల్లా కత్తెర పడితే ఎన్నేళ్ళున్నా పువ్వు చూడం. వాలు మీద ఆడపొదలు మార్చి మూడో వారంలో పూస్తాయి. ఆ పువ్వు వారం పది రోజులకంటే నిలవదు. ఆలోగా ఇక్కడి పుప్పొడి అక్కడికి చేరాలి. ఇక్కడి కొమ్మలు నాటుకుని పెంచుకోవచ్చు గానీ అవి పూతకొచ్చేసరికి ఆ నాలుగూ ఉండవు సార్, ఈ ఏడే అంది.

కాబట్టి అడగాలి. నేను, బావని.

అడిగాను. ఎలా అడిగానో రాయను. మార్చి ఆఖరుదాకా కత్తెర పడకూడదు అన్నాను. సరే అన్నాడు. అంత తేలిగ్గా సరే అన్నాడేమిటా అని ఇంటికొచ్చేదాకా అనుమానమే. మెట్ల మీద కూడా ఇలాగే అన్నాడు.

అక్క మాత్రం, సన్మానం పదహారున, ఇంటికి పెద్దపెద్ద వాళ్ళొస్తారు, గేటు ముందు ఆ బూచి వేషమేమిటి అంది. బావ ఆమె వైపు చూడకుండా చెవిలోంచి మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు. కాపురం అంతకాలం ఎలా సాగిందో అర్థమైంది.

ఫిబ్రవరి 6

రోజూ వెళుతున్నాను. లోపలికి కాదు. వీధిలో ఫోల్డింగ్ స్టూలు వేసుకుని హెడ్జ్‌కి ఎదురుగా కూర్చుంటాను. నమ్మకం లేనివాడు కాపలా కాయాలి. వచ్చేపోయేవాళ్ళు అడుగుతున్నారు, ఎవరికోసమండీ అని. పువ్వుకోసం అంటే పక్కకి తప్పుకుని నడుస్తున్నారు.

కొత్త తోటమాలి మంచివాడే, నోరెక్కువ. కరెంటు ట్రిమ్మర్ కొనుక్కున్నాడట, దానికి పనిలేక చేతులు దురదపెడుతున్నాయట. అయ్యగారూ, నా పనితనానికి వీధి వీధంతా పేరు, ఈ జుట్టు చూసి జనం నా మొహాన ఉమ్మేస్తున్నారు అన్నాడు. తుడుచుకోమన్నాను.

ఫిబ్రవరి 11

బావ కిటికీ తీసి టీ పంపించాడు. వెనక్కి పంపాను.

ఫిబ్రవరి 12

టీ తాగాను. ఎండగా ఉంది.

ఫిబ్రవరి 20

చిగురు జానెడు దాటింది. పెట్టెలా ఉండే హెడ్జ్ ఇప్పుడు తలస్నానం చేసి ఆరబెట్టుకోని తలలా ఉంది. అందంగా ఉంది. ఈ మాట పైకి ఎవరితోనూ అనలేదు.

మార్చి 2

మొగ్గలు. ఆవగింజంత.

మార్చి 5

డాక్టరమ్మ జీపులో వాలుకి తీసుకెళ్ళింది. మోకాళ్ళు ఒప్పుకోలేదు, నేను వాటిని అడగలేదు. అటవీ గార్డు ఒక చెయ్యి, ఆవిడ ఒక చెయ్యి పట్టుకుని ఎక్కించారు. శవాన్ని మోసినట్టు మొయ్యకండి, ఇంకా టైముంది అన్నాను.

అప్పట్లో వాలు ఎక్కుతుంటే మెడమీద చల్లగా నీళ్ళ బొట్లు పడేవి. ఇప్పుడు కలప చెట్లు, స్కూలు పిల్లల్ని డ్రిల్లుకి నిలబెట్టినట్టు వరసలు. కింద నేల పగిలి ఉంది. పిట్ట లేదు. ఆకు కుళ్ళదు, ఎండి గలగలలాడుతుంది. ఇంకా పైకి, యంత్రం ఎక్కలేని రాళ్ళ మధ్య మాత్రం పాత అడవి పిడికెడు మిగిలింది. అక్కడ నాలుగు పొదలూ ఉన్నాయి. అడుగుభాగమంతా మొద్దు, చివర మాత్రం నాలుగు ఆకులు. ఆ నాలుగు ఆకుల మధ్య గుత్తులుగా మొగ్గలు. నలభై ఏళ్ళుగా ఏటేటా ముస్తాబవడం, ఎవరూ రాకపోవడం. నేను వాటి మొహం చూడలేకపోయాను.

దిగేటప్పుడు డాక్టరమ్మ, ఆ హెడ్జ్ లేకపోతే కథ ఎప్పుడో ముగిసేది సార్, ఒక రకంగా డైరెక్టరుగారే కాపాడినట్టు అంది. జీపు ఆపించి దిగిపోదామనుకున్నాను. ఊరు చాలా దూరం.

మార్చి 14

ఒకటి విచ్చుకుంది. పసుపు పచ్చని పొడి వేలికంటింది. ఎల్లుండి నుంచి అన్నీ విచ్చుకుంటాయి. డాక్టరమ్మ రేపు ఊళ్ళో ఉండదట, సన్మానం అయ్యాక సాయంత్రం వచ్చి పూలకొమ్మలు కోసుకుంటానంది. ఫ్రిజ్‌లో పెడితే వారం ఆగుతుందట పుప్పొడి.

అక్క వసారాలోంచి చూస్తూనే ఉంది.  అక్క ఏమీ అనకపోవడం నాకు నచ్చలేదు.

మార్చి 16

వెళ్ళేసరికి తొమ్మిదిన్నర. వీధి మలుపు తిరగ్గానే తెలిసిపోయింది, గాలిలో ఆ వాసన. వందల అగ్గిపుల్లలు ఒక్కసారి గీసినట్టు. హెడ్జ్ పెట్టెలా ఉంది. నాలుగు పలకలు. మిలిటరీ కటింగ్. తోటమాలి మెడకి ట్రిమ్మర్ వేలాడేసుకుని, ఇప్పుడు చూడండి అయ్యగారూ అన్నాడు. కోసినవేవి అని అడిగాను. మున్సిపాలిటీ లారీ తీసుకెళ్ళిపోయిందన్నాడు. ఆ చెత్తలారీ ఏ రోజూ టైముకి రాదు. ఇవాళ వచ్చింది.

లోపల వసారా నిండా జనం. సభకి బయలుదేరుతున్నారు. బావ కోటు వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు, ఒళ్ళో పూలగుత్తి. గేటు తీసుకుని వెళ్ళాను. నలభై ఏళ్ళకి మొదటిసారి లోపలికి.

ఏమన్నానో అంతా గుర్తులేదు. ఇచ్చిన మాట నమిలి మింగి దాని మీదే బలిసిన మనిషివి అన్నాను. అడవిని ఒకసారి చంపావు, చాల్లేదా, ఇంటికి పిలిచి మళ్ళీ చంపావు అన్నాను. మీరు గోడకెక్కిస్తున్న పేరు ఈయనది కాదు, ఈయన చంపినదానిది పెట్టండి అని ఆ పెద్దమనుషులతో అన్నాను. అసలు గొడ్డు ఎవరో ఇవాళ తెలిసింది అని కూడా అన్నాను. అది అనకుండా ఉండాల్సింది, అర్థం సరిగ్గా కుదరలేదు. ఎవరో వచ్చి నా రెక్క పట్టుకున్నారు. ఇంకెవరో నీళ్ళు తెమ్మన్నారు.

బావ నాకేసి చూస్తూ చిన్నగా నవ్వి, చెయ్యి ఊపాడు. పో పో అన్నట్టు. అంత పొగరు. వచ్చేశాను.

మార్చి 17

గొంతు పోయింది. తిట్టడానికి కూడా వయసుండాలి.

మార్చి 18

అక్క వచ్చింది. ఆటో దిగి, ఒక ప్లాస్టిక్ బకెట్ రెండు చేతులా పట్టుకుని, నీళ్ళు చీర మీద ఒలకబోసుకుంటూ. గుమ్మం దగ్గరే మొదలెట్టింది. నేను కొట్టించానురా ఆ హెడ్జ్, నేను. ఆయనకి చెప్పలేదు. నలుగురూ వచ్చే రోజు ఇల్లు ఇల్లులా ఉండాలనుకున్నాను, అదీ నా నేరం. వచ్చి ఆయన్ని పట్టుకుని అన్నేసి మాటలంటావా, అయినవాళ్ళ ముందూ కానివాళ్ళ ముందూ?

బకెట్‌లో పూలకొమ్మలు. పాత దిండుగలీబు తడిపి కప్పి ఉంది. పచ్చగా, పొడి రాలుతూ.

జరిగింది ఇదట. పొద్దున్నే ట్రిమ్మర్ చప్పుడు. బావకి చప్పుడు వినపడదు, కిటికీలోంచి కొమ్మలు ఎగరడం కనబడింది. వాకర్ వదిలేసి గోడ పట్టుకుని బయటికి వెళ్ళాడట. అరిస్తే వాడికి మిషన్ హోరులో వినపడదు, వాడు ఆపి ఏదైనా చెబితే ఈయనకి వినపడదు. వాడు అటు పక్క నుంచి కోసుకొస్తుంటే, ఈయన ఇటు మూల నుంచి గోళ్ళు తీసుకునే కత్తెరతో చేతికందినన్ని కోసి ఒళ్ళో వేసుకున్నాడట. స్నానాలగదిలో బకెట్‌లో పెట్టి తలుపు వేశాడు. ఆ రోజంతా ఎవర్నీ ఆ గదిలోకి వెళ్ళనివ్వలేదట. వచ్చిన చుట్టాలు ఏమనుకున్నారో రాయక్కర్లేదు.

మరి నేను అరుస్తుంటే ఒక్క ముక్క చెప్పొచ్చుగా అన్నాను. గొంతు లేదు, ఊపిరితో అన్నాను.

కోటు తొడిగేటప్పుడు చెవి మిషన్ ఊడి ఎక్కడో పడిపోయిందిరా, సభలో కూడా లేదు, రాత్రికి మంచం కింద దొరికింది అంది అక్క. నువ్వొచ్చి ఏదో నాలుగు మాటలు మెచ్చుకుంటున్నావనుకున్నాడు. లోపలికి రారా, బకెట్ చూపిస్తాను అని చెయ్యి ఊపాడట. నువ్వు తిరిగి చూడకుండా వెళ్ళిపోయావు.

రమ్మన్నాడు. పొమ్మన్నాడనుకున్నాను.

నలభై ఏళ్ళు కూడబెట్టిన తిట్టు. కామా పెట్టాల్సిన చోట కామా పెట్టి దాచుకున్నాను. మిషన్ లేని చెవిలో పోశాను.

నువ్వు చెప్పలేదా ఆయనకి, నేనేమన్నానో, అని అడిగాను. చెప్పాను, పెద్దగా నవ్వాడు అంది అక్క. ఆ చివరిది మళ్ళీ చెప్పించుకున్నాడట.

మార్చి 19

డాక్టరమ్మ పుప్పొడి దులిపి సన్నటి గాజు గొట్టాల్లో వేసింది. సాలుతుంది సార్, నాలుగింటికీ సాలుతుంది అంది. ఆవిడకి ఆవేశమొస్తే చ, స అవుతుంది.

మార్చి 22

ఆడపువ్వులు విచ్చుకున్నాయని గార్డు కబురు. బావ తనూ వస్తానన్నాడట. అక్క వద్దంటే మిషన్ తీసేశాడు. జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టారు. నేను వెనక. దారంతా ఆయన బట్టతల నా ముందు ఊగుతూనే ఉంది.

కొండ కిందే ఆయన్ని జీపులో వదిలి మేం ఎక్కాం. నా చేతికి కుంచె ఇచ్చింది డాక్టరమ్మ, పిల్లి వెంట్రుకంత సన్నటిది. నీడలో పసిమి రంగు పువ్వులు, మధ్యలో చిన్న జిగురు బొట్టు. కుంచె కొన తాకిస్తే చాలు. ఊపిరి బిగపట్టి తాకించాను. ఆ తర్వాత అన్నిటికీ ఆవిడే పెట్టింది, నేను సంచులు అందించాను. ఒక్కో గుత్తికీ పల్చటి గుడ్డసంచీ కట్టాం. దూరం నుంచి చూస్తే ఆ ముసలి పొదలు తలకి గుడ్డలు కట్టుకుని ఎండలోకి బయలుదేరినట్టున్నాయి.

దిగి వచ్చేసరికి బావ జీపు తలుపు తీసుకుని, కాళ్ళు బయటపెట్టుకుని కూర్చున్నాడు. కలప చెట్ల వరసలకేసి చూస్తున్నాడు. అయిందా అన్నాడు. అయింది అన్నాను. డాక్టరమ్మ, గార్డు నీళ్ళకోసం వెళ్ళారు. అడిగాను. మిషన్ చెవిలో ఉందో లేదో ముందు చూసుకుని మరీ అడిగాను. ఆర్డరు మీద సంతకం ఎందుకు పెట్టావు బావా?

వంగి చెప్పులో ఇరుక్కున్న ఎండుటాకు తీసుకున్నాడు. వినపడలేదేమో అనుకుని మళ్ళీ అనబోయాను. వినపడిందిరా అన్నాడు. ఆ రోజు టేబుల్ మీద అలాంటివి దొంతర ఉంది. గొడ్డుపొద అని చూశాను. గొడ్డంటే గొడ్డే అనిపించింది. నువ్వు చెప్పింది ఆ క్షణాన గుర్తు రాలేదు. కుట్ర చేశానని నలభై ఏళ్ళుగా అనుకుంటున్నావు. అంత బుర్ర ఎక్కడుందిరా నాకు అన్నాడు.

మరి ఇచ్చిన మాట అన్నాను.

ఎన్ని మాటలిచ్చానో, ఎన్ని నిలబెట్టానో. మీ అక్కనడుగు. నువ్వొక్కడివే దాచిపెట్టుకున్నావు అన్నాడు.

క్షమించమని అడగలేదు. అడుగుతాడేమోనని భయపడ్డాను. అడగలేదు.

కుట్రయినా బాగుండేది. మరపుతో పోరాడడం ఎలా?

మార్చి 30

సంచులు విప్పలేదు. ఇంకో వారం పది రోజులైతేగాని తెలీదు. పుస్తకాలు తీస్తున్నాను, పెడుతున్నాను. పేజీ చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండడం లేదు. టీ పెట్టుకుని మరిచిపోతున్నాను. అటు వీధికి వెళ్ళడానికి ఇప్పుడు కారణం లేదు. అయినా స్టూలు చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. రెండుసార్లు.

ఏప్రిల్ 4

వెళ్ళాను. హెడ్జ్‌కి మళ్ళీ చిగురు. తోటమాలి దూరం నుంచే నన్ను చూసి ట్రిమ్మర్ వెనక్కి దాచుకున్నాడు. బావ కిటికీలో లేడు. నీరసంగా ఉంది, పడుకున్నారు అంది అక్క. ఆ రోజు కొండ ఎండ తగిలింది అంది. నన్నేమీ అనలేదు. నేనే అనుకున్నాను, కిందే నీడలో కూర్చున్నాడు కదా అని.

ఏప్రిల్ 8

హాస్పిటల్. ఊపిరితిత్తుల్లో నీరు. మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం. ముక్కుకి గొట్టం. నన్ను చూడగానే చెవి చూపించాడు. మిషన్ తీసి పెట్టాను. ఆయన చెవి తాకడం అదే మొదలు. చల్లగా ఉంది.

పట్టిందా అన్నాడు. ఇంకా తెలీదు, ఎల్లుండి విప్పుతారు అన్నాను. నా సంతకం కావాలేమో కనుక్కో అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది. నర్సు నన్ను కసురుకుంది, నవ్వించకండి తాతగారూ అని. జీవితంలో ఆ నేరం నా మీద ఎవరూ మోపలేదు.

ఏప్రిల్ 10, మధ్యాహ్నం

డాక్టరమ్మ ఫోటో పంపింది. సంచి విప్పిన గుత్తి. పువ్వు వాడి, అడుగున పచ్చటి బొడిపెలు. మూడు పొదలకి పట్టిందట, నాలుగోదానికి లేదు. ఆవిడ రాసినదాంట్లో అక్షరాలన్నీ తప్పులే. ఏడుస్తూ టైపు చేసి ఉంటుంది.

ఫోన్‌లో బొమ్మ చిన్నది. ఆయన కళ్ళకి ఆనదు. పెద్దది ప్రింటు తీయించుకుని వెళదామని షాపుకి వెళ్ళాను. కరెంటు లేదు. సాయంత్రం రమ్మన్నాడు.

ఏప్రిల్ 10, ఆరు గంటలు

బావ పోయాడు.

ఏప్రిల్ 19

అందరూ వెళ్ళిపోయారు. అక్క దగ్గర ఎవరో ఒకరు ఉంటున్నారు. కొత్త భవనం దగ్గర కూడా నలుగురూ నిలబడి మాట్లాడారు. నన్ను పిలిచారు. వెళ్ళి నిలబడ్డాను. గోడ మీద పేరు చదివాను. అక్షరదోషాలేమీ లేవు. వెతికాను.

పొద్దున లేవగానే తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. పళ్ళు తోముకునేటప్పుడు వాదన మొదలెట్టి, స్నానానికల్లా గెలిచేవాణ్ణి. ఇప్పుడు స్నానం అయిపోయినా ఏమీ జరగడం లేదు. అక్కని అందామంటే ఆవిడ ముందే ఒప్పేసుకుంది. తోటమాలిని అందామంటే వాడు నన్ను చూస్తే పారిపోతున్నాడు. కరెంటువాళ్ళని అన్నాను. తృప్తి లేదు.

మే 2

డాక్టరమ్మ వచ్చి వాలు కింద ఒక పట్టీ మేర కలప చెట్లు తీయించడానికి అనుమతి వచ్చిందంది. విత్తనాలు మొలకెత్తితే హెడ్జ్ కొమ్మలతో కలిపి అక్కడే నాటుతారట. నీడ రావడానికే పాతికేళ్ళు పడుతుంది సార్ అంది. నాతో ఎందుకు చెబుతున్నట్టు? నేను పాతికేళ్ళు ఎక్కడ తేను?

కాయలు రంగు మారుతున్నాయి అంది.

మే 27

ఎర్రబడ్డాయి. గాలికి రాలినదొకటి డాక్టరమ్మ నా చేతిలో పెట్టింది. బఠానీ గింజంత. జేబులో వేసుకుని ఆటో ఎక్కి హాస్పిటల్ అని చెప్పాను. మూడో అంతస్తు. కిటికీ పక్క మంచం మీద ఎవరో ఆవిడ కూర్చుని జడ వేసుకుంటోంది. ఎవరికోసమండీ అని అడిగింది.

ఇంకో ఏడు వారాలు ఆగి ఉంటే సరిపోయేది. అంతకంటే అడగలేదు నేను.

బావే. ఎవరు ఏం చెప్పినా సరే, మళ్ళీ మాట తప్పింది బావే.